రోటోలో ఆరు నెలలా, జీతం లేని గేమ్ జట్టా? చివరి సంవత్సరం ఇంటర్న్‌షిప్ గురించి సలహా కావాలి

సంధ్య_ఫ్రేమ్స్:
అందరికీ నమస్కారం. హైదరాబాదులో యానిమేషన్ డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. జనవరి నుంచి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్ చేస్తే తప్ప పట్టా చేతికి రాదు. ఒక వీఎఫ్ఎక్స్ (సినిమా దృశ్యాలకు కంప్యూటర్ మాయలు జోడించే) స్టూడియో రోటో విభాగంలో (షాట్‌లోని మనుషుల, వస్తువుల అంచుల వెంట గీతలు గీసి వేరుచేసే పనిలో) నెలకు 8,000 రూపాయల స్టైపెండ్‌తో తీసుకుంటామంటోంది. ఐదుగురున్న ఒక గేమ్ జట్టు పాత్రల రూపకల్పన, యానిమేషన్ రెండూ నాకే అప్పగిస్తామంటోంది గానీ, జీతం లేదు. గేమ్ అమ్ముడుపోతే వాటా ఇస్తారట. ఏది మేలు? చేసిన పనిని షోరీల్‌లో (ఉద్యోగానికి చూపించే మన పనుల వీడియోలో) పెట్టుకోనిస్తారా? గ్రాఫిక్స్ కార్డున్న లాప్‌టాప్ కొనక తప్పదా? ఇంట్లో అడగడానికి మనసొప్పడం లేదు.

రాత్రిపాళీ:
స్టైపెండ్ ఇస్తామన్నారంటే మీరు అదృష్టవంతులు. 2019లో ఒక సంస్థ నా దగ్గర ‘శిక్షణతో కూడిన ఉద్యోగం’ పేరిట 45,000 రూపాయలు డిపాజిట్ కట్టించుకుంది. మొదటి నెల పాఠాలు చెప్పారు. రెండో నెల నుంచి, అభ్యాసమని చెప్పి, క్లయింట్ల షాట్లే చేయించారు. ఆరు నెలల తరువాత డబ్బు అడిగితే, రిటేకులు (తిరిగి చేయాల్సిన షాట్లు) ఎక్కువ వచ్చాయంటూ కోతలన్నీ లెక్కగట్టి 6,000 చేతిలో పెట్టారు. అమ్మ గాజులు తాకట్టు విడిపించడానికి నాకు రెండేళ్లు పట్టింది. పని నేర్పడానికి డబ్బు అడిగేది విద్యాలయం, పని చేయించుకుని డబ్బిచ్చేది స్టూడియో. రెండూ తానేనని చెప్పే చోట సంతకం పెట్టకండి.

మణికొండ_కంపోజిటర్:
నేను 14 ఏళ్లుగా కంపోజిటింగ్‌లో (విడివిడి బొమ్మలను కలిపి ఒకే షాటుగా అతికే పనిలో) ఉన్నాను, నా చేతి కింద అరవై మందికి పైగా ఇంటర్న్‌లు పనిచేశారు కనుక ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. రోటో చేయనివాడికి అంచు అంటే ఏమిటో తెలియదు. ఐదు సెకన్ల షాటంటే 120 ఫ్రేములు. నడుస్తున్న మనిషిని ఒకే గీతతో చుట్టేయకుండా తల, మెడ, భుజం, ముంజేయి అని విడివిడి ఆకారాలుగా విడగొట్టి, కదలిక మలుపు తిరిగే ఫ్రేముల దగ్గరే కీ (ఆకారాన్ని చేత్తో కుదిర్చే గుర్తు) పెట్టాలి. ప్రతి ఫ్రేముకూ కీ పెట్టేవాడి అంచు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. ఆ ఓపిక ఆరు నెలల్లో వస్తుంది. గేమ్ జట్టు సంగతి నాకనవసరం.

నోడ్_గ్రాఫ్:
అరవై మందికి నేర్పానంటున్నారు గదా, వారిలో ఎంతమంది నేడు కంపోజిటర్లుగా ఉన్నారో, ఎంతమంది ఇంకా రోటోలోనే ఉన్నారో కూడా చెప్పండి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్‌లో అంచును తానే పట్టుకునే రోటో బ్రష్ 2010లోనే వచ్చింది. కంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్ న్యూక్‌లో, కొన్ని ఫ్రేములు చూసి మిగతావి తానే చేసే కాపీక్యాట్ 2021లో వచ్చింది. 2023లో మెటా సంస్థ బొమ్మలోని వస్తువులను వేరుచేసే ఏఐ నమూనాను అందరికీ ఉచితంగా విడుదల చేసింది. యంత్రం ముందుగా మింగబోయే మెట్టు మీదే విద్యార్థిని నిలబెట్టి, దానికి పునాది అని పేరు పెట్టడం న్యాయం కాదు.

మణికొండ_కంపోజిటర్:
పనిముట్ల పేర్లు వల్లించినంత మాత్రాన పని తెలిసినట్టు కాదు. గాలికి ఎగిరే జుట్టు, వేగంగా ఊపిన చేయి మసకబారిన చోట, పొగ వెనక నిలబడ్డ మనిషి: ఈ మూడింటినీ మీ యంత్రానికి ఇచ్చి చూడండి. ఒక్కో ఫ్రేము విడిగా చూస్తే అద్భుతంగానే ఉంటుంది, వరుసగా ఆడిస్తే అంచు ఉడుకుతున్న గంజిలా కదులుతుంది. దాన్ని సరిదిద్దేది చేత్తో రోటో నేర్చినవాడే. మీరు ఏ విభాగంలో ఉన్నారో తెలుసుకోవచ్చా?

నోడ్_గ్రాఫ్:
ఎఫ్ఎక్స్‌లో (నిప్పు, పొగ, నీళ్లు లాంటివి చేసే విభాగంలో) ఉన్నాను. తొలి తొమ్మిది నెలలు రోటోలోనే ఉన్నాను కనుకనే ఈ కోపం. జుట్టు సంగతి మీరు చెప్పింది నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఇంటర్న్‌కు జుట్టున్న షాట్ ఎవరిస్తారండీ? స్తంభాలు, గోడలు, కారు అద్దాలు ఇస్తారు. నాకు తొమ్మిది నెలలూ కార్లే.

రాత్రిపాళీ:
నాకు బస్సులు. పెద్దలిద్దరూ అంచుల గురించి వాదించుకుంటున్నారు గానీ, అమెరికా క్లయింట్ ఫీడ్‌బ్యాక్ రాత్రి పదకొండుకు వస్తే, రేపు పొద్దున్నకల్లా పంపమన్నప్పుడు ఇంటర్న్ ఇంటికెలా వెళుతుందో ఒక్కరూ అడగలేదు. సంధ్యగారూ, పాళీ వేళలు, ఇంటికి చేర్చే వాహనం, ఈ రెండూ ముందుగా కనుక్కోండి.

గోదావరి_గేమ్స్:
నేను రాజమండ్రిలో ఇంజనీరింగ్ చదువుతూ 48 గంటల గేమ్ జామ్‌లో (గడువులోపు ఒక ఆట తయారుచేసే కార్యక్రమంలో) పాల్గొన్నాను. ఆటలు తయారుచేసే గోడో ఇంజన్ ఉచితం, మా నలుగురికీ కలిపి ఉన్నది రెండు లాప్‌టాప్‌లు. పడవ నడిపే చిన్న ఆట చేశాం. ఫోనులో తెరిస్తే పడవ మునిగిపోయేది, అది వేరే కథ. అయినా చిన్న ఆటలు పెట్టుకునే సైటు ఇట్చ్ డాట్ ఐవోలో పెట్టి, పేర్లు కింద రాసుకున్నాం. ఆ పేజీ చూసే నన్ను ఇంటర్వ్యూకు పిలిచారు. ఆడి చూడగలిగిన చిన్న ఆట చేతిలో ఉంటే అవతలివాళ్లు మార్కుల జోలికి పోరు. వాటా మాటకొస్తే, ఆటలమ్మే సైటు స్టీమ్‌లో గేమ్ పెట్టడానికే వంద డాలర్లు కట్టాలి, అమ్మకంలో వాళ్ల కోత వేరు. ఎంత శాతం, ఏ ఖర్చులు పోగా, గేమ్ మధ్యలో ఆగిపోతే మీ బొమ్మలు ఎవరివి అన్నది కాగితం మీద లేకపోతే ఆ వాటా గాలిమాటే.

అనకాపల్లి_నాన్న:
మా అబ్బాయి కూడా ఇదే చదువు చదువుతానంటున్నాడు కనుక అడుగుతున్నాను. 2013 ఫిబ్రవరిలో రిథమ్ అండ్ హ్యూస్ అనే వీఎఫ్ఎక్స్ స్టూడియో దివాలా తీసింది. అదే నెలలో ‘లైఫ్ ఆఫ్ పై’కి వాళ్లు చేసిన పనికి ఆస్కార్ వచ్చింది. వాళ్లకు హైదరాబాదులోనూ శాఖ ఉండేది. 2025 ఫిబ్రవరిలో అదే రంగంలోని టెక్నికలర్ సంస్థ కూలినప్పుడు బెంగళూరులోని ఉద్యోగులు ఉన్నట్టుండి వీధిన పడ్డారు. బహుమతి తెచ్చిన పనే అన్నం పెట్టకపోతే, అనుభవం సంపాదించి ఏం చేసుకోవాలి?

నోడ్_గ్రాఫ్:
అయ్యా, స్టూడియోలు మూతపడతాయి, షోరీల్ మాత్రం మన దగ్గరే ఉంటుంది. అందుకే సంధ్యగారి రెండో ప్రశ్న ముఖ్యం, దాన్ని మనమంతా వదిలేశాం. సినిమా విడుదల కాకముందు షాట్ బయటపెట్టకూడదు. విడుదలయ్యాక కూడా స్టూడియో రాతపూర్వకంగా అనుమతించాలి. పాస్‌వర్డ్ పెట్టిన లింకు కదా అని నా మిత్రుడొకడు ముందే పంపాడు, ఆ లింకు చేతులు మారింది, ఉద్యోగం పోయింది. షాట్‌లో మీరు చేసిన భాగమేదో విడదీసి చూపించండి. డ్రాగన్ అంతా మీరే చేసినట్టు నటించకండి, ఎదుటివాడు ఆ డ్రాగన్ జట్టులోనే పనిచేసి ఉండవచ్చు.

మణికొండ_కంపోజిటర్:
ఈ విషయంలో నోడ్_గ్రాఫ్‌గారితో ఏకీభవిస్తాను. ఇంకొకటి: 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద నమోదైన ఒప్పందమైతే స్టైపెండ్‌కు చట్టం అండ ఉంటుంది; ఉత్త ఇంటర్న్‌షిప్ లేఖకు ఆ బలం లేదు. మీకిచ్చేది ఏ కాగితమో అడగండి.

సంధ్య_ఫ్రేమ్స్:
అందరికీ కృతజ్ఞతలు. శనివారం స్టూడియోకు వెళ్లి అడిగాను. మూడు నెలల తరువాత పెయింట్ విభాగంలోకి (షాట్‌లో అక్కర్లేనివి చెరిపే పనిలోకి) మారుస్తామన్నారు, రాసిమ్మంటే నవ్వారు. షోరీల్‌కు అనుమతి లేఖ మాత్రం ఇస్తామన్నారు. గేమ్ జట్టువాళ్లు వాటా శాతం ఇంకా తేల్చుకోలేదట. స్టూడియోకే వెళదామనుకుంటున్నాను, సెలవు రోజుల్లో జామ్‌లకు వెళతాను. లాప్‌టాప్ గురించి ఎవరూ చెప్పలేదు.

రాత్రిపాళీ:
ఇప్పుడే కొనకండి. క్లయింట్ ఫుటేజీని సొంత యంత్రంలోకి ఎక్కించుకోనివ్వరు గనుక స్టూడియోలో వాళ్ల యంత్రం మీదే పని. ఇంట్లో అభ్యాసానికి ఉచిత 3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్, న్యూక్ ఉచిత ప్రతి చాలు, కాలేజీ ల్యాబ్ ఎలాగూ ఉంది. గాజుల జోలికి వెళ్లకండి.