చలికాలంలో ఫ్లీ మందు ఆపేయొచ్చా?

ప్రశ్న: విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటాం. 14 కిలోల నాటు కుక్క, ఒక పిల్లి. చలి మొదలైంది కదా, ఫ్లీలకి (రక్తం పీల్చే చిన్న పురుగులు) వేసే స్పాట్-ఆన్, అంటే చర్మం మీద పిండే మందు, ఫిబ్రవరి దాకా మానేస్తే పర్లేదా?

జవాబు 1: మానకండి. అరకులో వణికించే చలి ఉన్నా, సముద్రం పక్కన మనకొచ్చేది ఫ్లీలు చచ్చేంత చలి కాదు. పైగా అవి ఉండేది ఇంట్లో, సోఫా కింద. 10-20 కిలోల కుక్కకి ఫిప్రోనిల్ అనే ఫ్లీ మందు 1.34 మి.లీ. పిపెట్ (చిన్న గొట్టం) నెలకొకటి. మెడ వెనక, నాలుక అందని చోట, వెంట్రుకలు పాయ తీసి చర్మం మీదే పిండాలి. బొచ్చు మీద పోస్తే దండగే. ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం వద్దు. రుషికొండ తీసుకెళ్లి అలల్లో వదలడమూ వద్దు.

జవాబు 2: పిల్లికి పిల్లి మందే వేయండి, 0.5 మి.లీ. కుక్కల మందుల్లో కొన్నిటిలో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది, పిల్లికి ప్రాణాంతకం. లేబుల్ చదవందే డబ్బా విప్పొద్దు.

జవాబు 3: మందేశాక కూడా కొత్తవి కనిపిస్తే మందు పనిచేయలేదని కాదండీ. గూళ్లలోని ప్యూపాకి (ఫ్లీగా మారే ముందు దశ) ఏ మందూ సరిగా అందదు, నెలల తరబడి అలాగే ఉండగలవు. అడుగుల అదురు, ఒంటి వెచ్చదనం తగిలితే బయటికొస్తాయి. అందుకే సోఫా సందులు, మంచం కింద రోజూ వాక్యూమ్ చేయండి, పక్కబట్టలు వారానికోసారి 60 డిగ్రీల నీళ్లలో ఉతకండి. కనీసం మూడు నెలలు.

అనుమానముంటే సన్నపళ్ల దువ్వెనతో తోక మొదట్లో దువ్వి, రాలిన నల్లపొడిని తడి దూది మీద వేయండి. ఇటుక రంగు దిగితే అది ఫ్లీల రెట్టే.