గుణవతియా, యోగ్యురాలా? సామెతలు 31:10 గురించి

శాంతిగృహం: "యోగ్యురాలైన భార్య దొరుకుట అరుదు" అని నోట్లో నానుతోంది. బైబిలు తెరిస్తే "గుణవతియైన భార్య దొరుకుట అరుదు, అట్టిది ముత్యముకంటె అమూల్యమైనది" అని ఉంది. పాత ముద్రణల్లో ఎక్కడైనా "యోగ్యురాలు" ఉండేదా? లేక రెండు వచనాలు కలిసిపోయాయా? స్త్రీల కూడికలో చెప్పాల్సిన పాఠం, మొదటి మాట దగ్గరే ఆగింది.

పాదసూచిక: కలిసిపోయాయి. సామెతలు 12:4 చూడండి: "యోగ్యురాలు తన పెనిమిటికి కిరీటము." రూతు 3:11లో బోయజు అన్నదీ అదే మాట: "నీవు యోగ్యురాలవని నా జనులందరు ఎరుగుదురు." మూడు చోట్లా హీబ్రూలో ఉన్నది ఒక్కటే, ఏషెత్ హయిల్ (ఏషెత్ అంటే భార్య, హయిల్ అంటే బలం, సామర్థ్యం). బైబిలు మూలపదాలకు సంఖ్యలిచ్చే స్ట్రాంగ్స్ పదసూచికలో హయిల్ సంఖ్య 2428. అసలు చిక్కు 31:29లో ఉంది. "చాలమంది కుమార్తెలు పతివ్రతాధర్మము ననుసరించి యున్నారు" అని చదువుతాం కదా, అక్కడా మూలంలో ఉన్నది హయిలే. ఒకే పదం మన తర్జుమాలో గుణం, యోగ్యత, పాతివ్రత్యం అని మూడుగా చీలింది. పద్యం హయిల్‌తో మొదలై, ముగింపుకు ముందు మళ్లీ హయిల్‌నే పలుకుతుంది. తెలుగులో ఆ ముడి విడిపోయింది.

నిఘంటుప్రియ: పాదసూచిక గారు పురుషుల వైపు కూడా చూపిస్తే బాగుండేది. న్యాయాధిపతులు 6:12లో గిద్యోనును "పరాక్రమముగల బలాఢ్యుడా" అని పిలిచిన చోట హయిల్ ఉంది. నిర్గమ 18:21లో మోషే ఏర్పరచుకోవలసిన మనుష్యులకు "సామర్థ్యము" ఉండాలన్న చోటా అదే. రూతు 2:1లో బోయజు "చాల ఆస్తిపరుడు" అన్నప్పుడూ అదే. మగవాడికైతే పరాక్రమం, సామర్థ్యం, ఆస్తి. స్త్రీకి వచ్చేసరికి గుణం. నా ఊహ ఇది: ఇంగ్లీషు కింగ్ జేమ్స్ తర్జుమాలోని "వర్చువస్" మన దగ్గరికి గుణవతిగా దిగింది. ఆ ఇంగ్లీషు మాటకు మూలం లాటిన్ "విర్టుస్", అంటే మగటిమి, శౌర్యం. తర్వాత శౌర్యం జారిపోయి సచ్ఛీలం మిగిలింది. మనకు అందింది ఆ మిగిలినదే.

అల్లెత్రాడు: గుణవతిని అంత తేలిగ్గా కొట్టేయకండి. గుణమంటే వింటినారి కూడా. గుణం గలది గుణవతి, అంటే ఎక్కుపెట్టిన విల్లు. శౌర్యం ఆ మాటలోనే దాగి ఉంది.

నిఘంటుప్రియ: అర్థం నిజమే, శ్లేష మాత్రం మీది. వింటి ప్రస్తావన పక్కన లేకుండా ఏ పాఠకుడూ "గుణవతి"ని నారి దాకా లాగడు. నేను ఆగేది "వతి" దగ్గర. అది మతుప్ ప్రత్యయం, కలిగి ఉండడాన్ని చెబుతుంది. హయిల్ 29వ వచనంలో "చేశారు" అనే క్రియతో వస్తుంది. ఉండేది కాదు, చేసేది. "వతి" అనగానే చేత కాస్తా స్వభావమైపోతుంది. సంఘంలో తల్లులు ఈ వచనం విని "నేనలాంటిదాన్ని కాను" అని కుంగేది ఇక్కడే. చేత నేర్చుకోవచ్చు, అలవరచుకోవచ్చు. స్వభావమైతే పుట్టుకతో రావాలన్నట్టు వినిపిస్తుంది.

గవునిదగ్గర: "అరుదు" చేసిన నష్టం ఇంకా పెద్దది. మూలంలో అది ప్రశ్న: మీ యిమ్‌త్సా, ఎవరికి దొరుకును? సామెతలు 20:6లో అదే ప్రయోగాన్ని మనవాళ్లు ప్రశ్నగానే ఉంచారు: "నమ్ముకొనదగినవాడు ఎవరికి కనబడును?" అక్కడ పురుషుడు. ఇక్కడ స్త్రీ కాబట్టి ప్రశ్న తీసేసి "అరుదు" అని తీర్పు చెప్పేశారు. ప్రశ్న వెతకమంటుంది. తీర్పు కొలిచి పక్కన పెడుతుంది. ఇంకో సంగతి, 31:1 ప్రకారం ఇది లెమూయేలు రాజుకు అతని తల్లి నేర్పిన ఉపదేశం. కోడలిని కూర్చోబెట్టి అప్పజెప్పించిన పాఠం కాదు, విన్నవాడు కొడుకు. యూదుల ఇళ్లలో శుక్రవారం రాత్రి సబ్బాతు భోజనం దగ్గర భర్త దీన్ని భార్యను పొగుడుతూ పాడతాడు. మనం మాత్రం ఆమెకు పరీక్ష పత్రంగా ఇస్తున్నాం.

పాదసూచిక: ఒప్పుకుంటున్నాను. ఒక్క సవరణ: "భార్య" అన్నదీ తర్జుమా ఎంపికే. ఏషెత్ స్త్రీ కూడా కావచ్చు. రూతును అలా పిలిచేనాటికి ఆమె విధవ, మోయాబీయురాలు, పిల్లలు లేరు. భార్య, తల్లి అన్న పేర్లు రెండూ లేని రోజున ఆమెకు దక్కిన బిరుదు ఇది. హీబ్రూ బైబిలు పాత చేతిరాత ప్రతి అయిన లెనిన్‌గ్రాడ్ ప్రతిలో సామెతల తర్వాత వచ్చే గ్రంథం రూతే. పద్యం ముగించి పుట తిప్పితే మనిషి కనిపిస్తుంది.

కదురు: పాఠం చెప్పేవాళ్లు తరచూ తప్పే చోటు ఒకటుంది. 10 నుంచి 31 దాకా 22 వచనాలు, హీబ్రూ అక్షరాలు 22, వచనానికో అక్షరం. ఇది అక్షరమాల పద్యం, ఒక రోజు దినచర్య కాదు. దినచర్యగా చదివితే 15లో "చీకటితోనే లేచి", 18లో "రాత్రివేళ ఆమె దీపము ఆరిపోదు" కలిసి నిద్ర లేని ఆడమనిషి తయారవుతుంది. 13:9 పక్కన పెట్టుకోండి: "భక్తిహీనుల దీపము ఆరిపోవును." దీపం ఆరకపోవడం ఇల్లు నిలిచి ఉందనడానికి గుర్తు, జాగారానికి కాదు. అదే 15లో "పనికత్తెలకు బత్తెము" ఉంది, అంటే ఇంట్లో పని పంచుకునే చేతులున్నాయి. పొలం చూసి తీసుకోవడం (16), నారబట్టలు నేయించి అమ్మడం (24), బీదలకు చెయ్యి చాపడం (20), ఇవన్నీ ఒక జీవితకాలం మీద పరచిన పనులు. పిల్లలు పాలు తాగే వయసులో ఉన్న తల్లిని ద్రాక్షతోట నాటించలేదేమని ఈ పద్యం అడగదు.

అల్లెత్రాడు: మరి నా విల్లును కాదన్నవాళ్లు యుద్ధం మాటలు లెక్కపెట్టారా? 11లో "లాభప్రాప్తి" అన్నది మూలంలో షాలాల్, దోపుడు సొమ్ము. 15లో భోజనానికి వాడిన తెరెఫ్ అంటే వేట. 17లో "నడికట్టుచేత నడుము బలపరచుకొని". పాత గ్రీకు తర్జుమా సెప్టువజింతు "ఆండ్రెయాన్" అనేసింది, ధైర్యశాలి అని. లాటిన్ తర్జుమా వుల్గాత "ఫోర్తెమ్", బలశాలి అని. "వీరనారి" అంటే తప్పేముంది?

నిఘంటుప్రియ: తప్పేమంటే, ఒక పదానికి ఉన్న అర్థాలన్నీ ప్రతి వాడుకలోనూ కుక్కడం. హయిల్‌కు "సైన్యం" అన్న అర్థం ఉంది కదా అని ప్రతి ఇల్లాలి చేతికీ కత్తి ఇవ్వలేం. నిర్గమ 18:21 దారి చూపుతోంది, "సమర్థురాలు" చాలు.

గణవిభజన: "సమర్థురాలు" తేటగీతి పాదం మొదట కూర్చోదు. లఘువు మీద గురువుతో మొదలయ్యేది సూర్యగణాల్లో లేదు, ఇంద్రగణాల్లో లేదు. "గుణవతి" నాలుగు లఘువులు, నలం, ఇంద్రగణంగా హాయిగా ఇముడుతుంది. "యోగ్యురాలు" రెండు హగణాలు (గురువు, లఘువు), అంటే సూర్యగణాలు. గవునిదగ్గర గారి ప్రశ్నను నిలబెడుతూ ఒక పాదం:

యోగ్యురాలిని గనుగొను యోగమెవరి
కబ్బు...

యతి యో-యో. తక్కిన పాదాలు ఎవరైనా పూరించండి. జాషువా గారు ఉంటే ఇది నిమిషం పని. క్రీస్తు చరిత్రను పద్యంలో చెప్పి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న చేతికి తేటగీతి ఉగ్గుపాలు.

పాదసూచిక: జాషువా దాకా వెళ్లేముందు క్రైస్తవ కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) ఉన్నారు. తెలుగు క్రైస్తవుల నోట భక్తి మాటలు స్థిరపడడంలో కీర్తనల పాలు పెద్దది. వచనం కన్నా పాట ముందు కంఠస్థమవుతుంది. "యోగ్య" శబ్దం చెవిలో నాటుకున్నది అటు నుంచే కావచ్చు.

గణవిభజన: కీర్తనల్లో "యోగ్యుడు" దేవుడికీ, "అయోగ్యుడను" భక్తుడికీ వాడతారు. స్త్రీకి బిరుదుగా రాదు. మీ ఊహ యతి తప్పింది.

గవునిదగ్గర: ఆదికాండము 2:18 కూడా ఇక్కడిదే. "సాటియైన సహాయము" అని మన తర్జుమా ఎంత నిక్కచ్చిగా అందో చూడండి. పెళ్లి ప్రసంగాల్లో అది "సహాయకురాలు" అవుతుంది, "సాటి" ఎగిరిపోతుంది. కీర్తన 121లో "నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును" అన్నప్పుడు ఉన్నదీ అదే హీబ్రూ మాట, ఏజెర్; అక్కడ సహాయం యెహోవా. చేతికింద మనిషికి వాడే మాట కాదది.

శాంతిగృహం: అందరికీ వందనాలు. పాఠానికి కావలసినంత దొరికింది. పాత ముద్రణ ఎవరి దగ్గరైనా ఉంటే 31:10 ఒక్కసారి చూసి చెప్పరూ?

గణవిభజన: రెండో పాదం "కబ్బు" తర్వాత "ముత్యము"తో నడిపించాలనుంది. కానీ 31:10లో ముత్యమన్న చోట మూలంలో ఉన్న పెనినీమ్, సామెతలు 3:15లో "పగడములు" అయింది. విలాపవాక్యములు 4:7లో "పగడములకంటె ఎఱ్ఱనివి" అనడాన్ని బట్టి అది ఎర్రనిదే. ముత్యం ఎరుపెలా అవుతుంది? ముందు ఇది తేల్చండి.