జాతీయ జంతువైనందుకు పులికి ఒరిగిందేంటి?

కృష్ణాతీరం:
మన జాతీయ జంతువు మొదట్లో సింహమట, 1970ల్లో పులికి మార్చారట. ఎందుకు మార్చారు? ఆ హోదా వల్ల పులికి నిజంగా మేలు జరిగిందా, లేక పుస్తకాల్లో బొమ్మగానే ఉండిపోయిందా? తెలిసినవాళ్లు చెప్పండి.

అడవిబాట:
సింహాలు అప్పటికే గుజరాత్ గిర్ ప్రాంతానికే పరిమితమయ్యాయండి, పులులైతే హిమాలయాల అంచు నుంచి కేరళ దాకా ఉన్నాయి, కానీ వేట వల్ల బాగా తగ్గిపోయాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1973 ఏప్రిల్‌లో 9 రిజర్వులతో ప్రాజెక్ట్ టైగర్ వచ్చాయి. హోదాతో పాటే నిధులు, చట్టం వచ్చాయి, అది చిన్న విషయం కాదు. కానీ అంతటితో సరిపోలేదు. రాజస్థాన్‌లోని సరిస్కా పేరుకు టైగర్ రిజర్వే, 2005 నాటికి వేటగాళ్ల దెబ్బకు అక్కడ ఒక్క పులీ మిగల్లేదు! పాదముద్రలు చూసి వేసిన పాత లెక్కలు ఎంత తప్పో అప్పుడు తెలిసొచ్చింది. తర్వాతే పులుల రక్షణను చూసే జాతీయ సంస్థ ఎన్‌టీసీఏ ఏర్పడింది, చారలను బట్టి పులిని గుర్తుపట్టే కెమెరా లెక్కలు వచ్చాయి. దేశంలో పులుల సంఖ్య 2006లో 1411 అన్న అంచనా 2022కి 3682 అయింది.

నల్లమల బిడ్డ:
అందులో చెంచుల కష్టాన్ని మర్చిపోకండి అన్నా. నాగార్జునసాగర్-శ్రీశైలం రిజర్వు బేస్ క్యాంపుల్లో కాపలా కాసేవాళ్లలో వాళ్లు చాలామంది, ఏ అడుగు ఏ జంతువుదో, అది ఎటు పోయిందో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. పులిని కాపాడే పేరుతో వాళ్లనే అడవి నుంచి పంపేయాలని మాట్లాడితే నాకు చాలా కోపం వస్తుంది.

ప్రాణహిత:
మాది ఆసిఫాబాద్ వైపు. మహారాష్ట్ర తాడోబా టైగర్ రిజర్వు నుంచి పులులు నది దాటి ఇటు వస్తాయి, మధ్యలో ఊళ్లు, పత్తి చేలు. పత్తి ఏరడానికి వెళ్లే ఆడవాళ్లకు ఎంత టెన్షనో దూరంగా ఉండి పులి బొమ్మ చూసేవాళ్లకు తెలియదు. ఆవును పులి చంపితే పరిహారం త్వరగా చేతికి రావాలి, ఆలస్యమైతే ఎవడో ఒకడు కోపంతో కళేబరం మీద పురుగుమందు చల్లుతాడు, పులి మళ్లీ తినడానికి వచ్చి చస్తుంది. అడవిపందుల కోసం పెట్టే కరెంటు తీగలకూ పులులు పోతున్నాయి.

కృష్ణాతీరం:
మరి పశువు చనిపోతే రైతు ముందు ఏం చేయాలి బ్రో?

ప్రాణహిత:
కళేబరాన్ని కదపొద్దు, దగ్గరికి గుంపుగా పోవద్దు. ఫోటో తీసి వెంటనే అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కి చెప్పాలి, పంచనామా అయితేనే పరిహారం ఫైలు కదులుతుంది.