ఛార్జ్ మెమో వచ్చాక వివక్షపై ఫిర్యాదు చేయవచ్చా?

ప్రశ్న – గాజువాక ఉద్యోగిని

నమస్కారం. నేను విశాఖపట్నంలోని ఒక రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటును. చిన్నప్పుడు వచ్చిన పోలియో వల్ల ఎడమ కాలికి క్యాలిపర్ వేసుకుని నడుస్తాను. సదరం ధ్రువపత్రం వివరాలు నా సర్వీస్ రిజిస్టరులో ఉన్నాయి. ఆ మధ్య మా సెక్షనును రెండో అంతస్తుకు మార్చారు, లిఫ్టు పనిచేయదు. కింది అంతస్తులో సీటు ఇప్పించాలని రాసి ఇచ్చిన దరఖాస్తుకు జవాబు రాలేదు. ఇప్పుడు ఆలస్యంగా హాజరవుతున్నానని, పై అధికారి మాట వినడం లేదని రెండు అభియోగాలతో ఛార్జ్ మెమో ఇచ్చారు. జవాబుకు పది రోజుల గడువు ఉంది. ఈ దశలో వివక్షపై ఫిర్యాదు చేస్తే కేసును తప్పించుకోవడానికి చేశానని అంటారేమోనని భయంగా ఉంది. దయచేసి దారి చెప్పండి.

సమాధానం – విశ్రాంత సూపరింటెండెంట్

అమ్మా, ఫిర్యాదు చేయడం మీ హక్కు, మెమో వచ్చినంత మాత్రాన అది పోదు. అయితే రెండింటినీ ఒకే కాగితంలో కలపకండి. మెమోకు జవాబు మెమోకే, ఫిర్యాదు ఫిర్యాదుకే.

మీకు వర్తించేవి 1991 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల సీసీఏ నియమాలు, అంటే వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నియమాలు. మెమో 20వ నియమం కింద ఇచ్చారా, 22వ నియమం కింద ఇచ్చారా అన్నది మొదట చూడండి, ఎందుకంటే 20వది పెద్ద శిక్షలకు సంబంధించినది, అందులో అభియోగాలు, వాటి వివరణ, పత్రాల జాబితా, సాక్షుల జాబితా జతచేయాలి. 22వది చిన్న శిక్షలకు. చిన్న శిక్షే కదా అని తేలిగ్గా వదిలేసిన వారి పదోన్నతులు ఆగిపోవడం నేను చూశాను. పైగా ఇంక్రిమెంటును క్యుములేటివ్ ఎఫెక్టుతో, అంటే ఆ నష్టం తరువాతి జీతంలోనూ కొనసాగేలా, ఆపితే అది పెద్ద శిక్షే అవుతుందని, పూర్తి విచారణ లేకుండా అలా ఆపడం చెల్లదని సుప్రీంకోర్టు కుల్వంత్ సింగ్ గిల్ కేసులో ఎప్పుడో చెప్పింది.

జవాబులో ప్రతి అభియోగానికీ విడిగా, తేదీలతో సమాధానం రాయండి. సీటు కోరుతూ ఇచ్చిన దరఖాస్తు నకలును, తపాలు సెక్షను వేసిన ఇన్‌వర్డ్ నంబరు కనిపించేలా, జతచేయండి. అధికారిని నిందించే మాట ఒక్కటి కూడా రాయవద్దు.

సమాధానం – సర్వీసు కేసుల న్యాయవాది

పెద్దాయన చెప్పింది సరైనదే. ఫిర్యాదుకు ఆధారం 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. అందులోని 20వ సెక్షను ప్రకారం ఏ ప్రభుత్వ సంస్థా వైకల్యం కారణంగా ఉద్యోగిపై వివక్ష చూపకూడదు. తగిన వసతి, అడ్డంకులు లేని పనిచోటు కల్పించాలి. తగిన వసతి నిరాకరించడమే వివక్ష అని చట్టం తన నిర్వచనంలోనే చెప్పింది కాబట్టి, అధికారికి దురుద్దేశం ఉందని మీరు నిరూపించాల్సిన పని లేదు. 23వ సెక్షను కింద ప్రతి ప్రభుత్వ సంస్థలో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి, ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో విచారించాలి. తృప్తి కలగకపోతే జిల్లా స్థాయి కమిటీకి వెళ్ళవచ్చు.

2021లో సుప్రీంకోర్టు రవీందర్ కుమార్ ధారివాల్ కేసులో, వైకల్యంతో ముడిపడిన ప్రవర్తనపై క్రమశిక్షణ చర్య తీసుకోవడం పరోక్ష వివక్ష కాగలదని తీర్పు ఇచ్చింది. అది మానసిక వైకల్యం గల ఉద్యోగి కేసు, అయినా ఆ సూత్రాన్ని మీ జవాబులో ప్రస్తావించడం మంచిది.

ఇప్పుడే హైకోర్టుకు వెళ్ళమని కొందరు సలహా ఇస్తారు, నేను ఇవ్వను. ఛార్జ్ మెమో దశలో కోర్టులు సాధారణంగా జోక్యం చేసుకోవని 2006 నాటి కూనిశెట్టి సత్యనారాయణ కేసులో స్పష్టంగా ఉంది. శిక్ష పడితే ముందు శాఖాపరమైన అప్పీలు, ఆ తరువాత అమరావతిలోని హైకోర్టు. రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్ ఇప్పుడు లేదు.

సమాధానం – డాక్‌యార్డ్ ఉద్యోగి

ఇదే నగరంలో కేంద్ర ఉద్యోగులం చాలామంది ఉన్నాం కనుక ఒక మాట. మాకు 1965 నాటి సీసీఎస్ సీసీఏ నియమాలు వర్తిస్తాయి, కేసులు క్యాట్ (కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్) హైదరాబాద్ బెంచికి వెళ్తాయి. రక్షణ శాఖలోని పౌర ఉద్యోగులకు విచారణ లేకుండా ఉద్యోగం నుంచి తీసేయకుండా కాపాడే రాజ్యాంగం 311వ అధికరణం రక్షణ లేదు, కాబట్టి మాకు ఆ నియమాలే అండ. వికలాంగుల హక్కుల చట్టం మాత్రం కేంద్ర సంస్థలకూ వర్తిస్తుంది.

ప్రశ్న – గాజువాక ఉద్యోగిని

అందరికీ కృతజ్ఞతలు. మెమోలో హాజరు రికార్డును ఆధారంగా చూపారు గానీ నకలు ఇవ్వలేదు. అది చూడకుండా జవాబు ఎలా రాయాలి?

సమాధానం – విశ్రాంత సూపరింటెండెంట్

ఆ నకలు ఇవ్వాలని, అది అందిన తేదీ నుంచి పది రోజుల గడువు కావాలని రేపే రాసి ఇచ్చి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. అభియోగాలను అంగీకరించడం లేదన్న వాక్యం కూడా అందులోనే ఉండాలి. గడువు పెంచుతూ ఉత్తర్వు రాకపోతే మాత్రం పదో రోజులోపు ఉన్న ఆధారాలతోనే జవాబు ఇచ్చేయండి, నకలు ఇవ్వలేదన్న సంగతి మొదటి పేరాలోనే రాయండి.

విచారణ జరిగితే మీ తరఫున సహాయకునిగా సాటి ఉద్యోగిని పెట్టుకోవచ్చు. విచారణాధికారి నివేదిక నకలు ఇచ్చి, దానిపై మీ అభిప్రాయం అడగకుండా శిక్ష వేయకూడదని మన హైదరాబాద్‌లోని ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్ కేసులో 1993లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ నకలు అడగడం మరవకండి అమ్మా.