చైల్డ్‌మైండర్ దగ్గర వదిలే 16 నెలల పాపకు చెవి దుద్దులు ఉంచవచ్చా?

పాపాయి అమ్మ, రెడింగ్, ఇంగ్లండు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా పాపకు పదకొండో నెలలో గుంటూరులో, మా అత్తగారింటికి ఆనవాయితీగా వచ్చే కంసాలి గారి చేత చెవులు కుట్టించాము. మొదట సన్నని బంగారు తీగ ఉండేది. పుండు పూర్తిగా మానిన తరువాత మా అమ్మ చేయించిన ఎర్ర రాళ్ళ దుద్దులు పెట్టాము. అవి వెనక మరతో బిగించేవి. వచ్చే నెలలో నేను తిరిగి ఉద్యోగంలో చేరుతున్నాను కాబట్టి వారానికి మూడు రోజులు పాపను మా వీధిలోనే ఉన్న ఒక చైల్డ్‌మైండర్ (డబ్బు తీసుకొని తన ఇంట్లో పిల్లలను చూసుకునే మనిషి) దగ్గర వదలవలసి ఉంది. ఆవిడ ఇచ్చిన ఒప్పంద పత్రంలో, పిల్లల ఒంటి మీద నగలు ఉండరాదనీ, తీయడం కుదరకపోతే చెవులకు ప్లాస్టరు అంటించి పంపాలనీ, నగ పోయినా దానివల్ల గాయమైనా తనకు బాధ్యత లేదనీ రాసి ఉంది. ఆవిడ మంచి మనిషే, నాకు కోపమేమీ లేదు. అయితే పాప బోసి చెవులతో వీడియో కాల్‌లో కనిపిస్తే మా అత్తగారు ఊరుకోరు. పగటిపూట తీసేస్తే రంధ్రాలు పూడుకుపోతాయా? ప్లాస్టరు వేస్తే సరిపోతుందా? ఇక్కడి నిబంధనలు ఏమంటున్నాయి?

లెస్టర్ నుంచి ఒక చైల్డ్‌మైండర్:

నేను పిల్లల సంరక్షణను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఆఫ్‌స్టెడ్‌లో నమోదై తొమ్మిదేళ్ళుగా మా ఇంట్లో పిల్లలను చూసుకుంటున్నాను. ఇంగ్లండులో బడి వయసు రాని పిల్లల సంరక్షణకు మేము పాటించే ఈ.వై.ఎఫ్.ఎస్. అనే ప్రభుత్వ నిబంధనలలో చెవి కమ్మల గురించి విడిగా ఏమీ లేదు; దేనివల్ల ప్రమాదం రాగలదో ముందుగా ఊహించి తగిన జాగ్రత్త తీసుకొనే బాధ్యతను మాత్రం మా మీద ఉంచారు. అందుకే ఒకరు తీసి పంపమంటారు, ఇంకొకరు ఉండనిస్తారు. మామూలుగా మా దగ్గర ఒకే సమయంలో ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు ఆరుగురికి మించకూడదు, వారిలో బడి వయసు రాని చిన్నవారు ముగ్గురికి మించకూడదు. ముగ్గురే కదా అనిపిస్తుంది గానీ, నేను ఒకరికి డైపరు మారుస్తున్న రెండు నిమిషాలలో మిగిలిన ఇద్దరిలో ఒకరి చెయ్యి రెండోవారి జుట్టులోనో చెవిలోనో ఉంటుంది.

నాలుగేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం నిద్ర లేచిన పాప ఎడమ చెవికి దుద్దు లేదు. పక్క దులిపాను, కార్పెట్ మీద మోకాళ్ళతో పాకుతూ వెతికాను, చెత్తబుట్టలోని డైపర్లు కూడా విప్పి చూశాను. దుద్దు దిండు కింద దొరికింది, మర మాత్రం దొరకలేదు. తల్లికి ఫోను చేసి, ఇద్దరమూ పాపను ఆసుపత్రికి తీసుకువెళ్ళి ఎక్స్‌రే తీయించాము. ఏమీ లేదని తేలింది. సాయంత్రం స్నానం చేయించబోతే ఆ మర పాప లోచొక్కా మెడ మడతలో కనిపించిందట. ఆ రోజు నుంచి మర దుద్దులతో వచ్చిన బిడ్డను నేను చేర్చుకోవడం లేదు.

ఒప్పందం గురించి ఒక మాట. నగ పోతే బాధ్యత లేదని రాసుకోవడం వేరు. నిర్లక్ష్యం వల్ల బిడ్డకు గాయమైతే బాధ్యత లేదని రాసుకున్నా అది చెల్లదు. 2015 నాటి బ్రిటన్ వినియోగదారుల హక్కుల చట్టం అందుకు ఒప్పుకోదు. ఆ వాక్యాన్ని మార్చమని మీరు నిస్సంకోచంగా అడగవచ్చు, అడిగితే నొచ్చుకునే మనిషి అయితే అదీ మీకు ముందే తెలుస్తుంది.

తెనాలి నుంచి, బంగారు పని చేసే కుటుంబం:

అమ్మా, పిల్లల దుద్దులలో అసలు ప్రమాదం దుద్దుతో కాదు, వెనకనున్న మరతో. అది మిరియపు గింజంత ఉంటుంది, కింద పడినా చప్పుడు కాదు. 22 క్యారెట్ల బంగారం, అంటే హాల్‌మార్కు మీద 916 అని ఉండేది, మెత్తని లోహం. నాలుగైదు నెలలు తీసి పెడుతూ ఉంటే కాడ మీది చుట్లు అరిగిపోయి మర దానంతటదే వదులవుతుంది. మీరు రాత్రి గట్టిగా తిప్పినా తెల్లవారేసరికి అది సగం చుట్టు వెనక్కి వచ్చి ఉండవచ్చు. పోనీ అని బాగా నొక్కి బిగిస్తే చెవి తమ్మె ఉబ్బి, మర చర్మంలోకి దిగిపోతుంది. అలా దిగిన మరలను నేను నా చేతులతో తీయను, డాక్టరు దగ్గరకే పంపుతాను.

తప్పనిసరిగా ఏదో ఒకటి ఉంచాలంటే, విడి భాగమే లేని తీగ పోగు చేయించండి. దాని ఒక కొన రెండో కొనలోని సన్న గొట్టంలోకి దూరిపోతుంది, ఊడి పడడానికి వేరే ముక్క ఉండదు. పోగుకూ తమ్మెకూ మధ్య బియ్యపు గింజ దూరేంత సందు చాలు. అంతకంటే పెద్దదైతే పక్కనున్న పిల్లల వేలు అందులో దూరుతుంది, లాగితే తమ్మె చీరుతుంది. జుంకాలు, వేలాడే మువ్వలు ఈ వయసులో పెళ్ళిళ్ళకు కూడా వద్దంటాను, నా వ్యాపారానికి అది నష్టమే అయినా.

పిల్లల వైద్యుడు, విజయవాడ:

ప్లాస్టరు వల్ల భద్రత రాదు. చెమటకు, లాలాజలానికి తడిసి ఊడిపోతుంది, అప్పుడు ఆ ప్లాస్టరు ముక్కే నోట్లోకి పోతుంది. పైగా దాని కింద చెవి ఎర్రబడినా, చీము పట్టినా ఎవరికీ కనిపించదు.

మింగిన చిన్న లోహపు ముక్క చాలావరకు కొన్ని రోజులలో విరేచనంలో వెళ్ళిపోతుంది. అయినా మింగిందని అనుమానం వస్తే డాక్టరుకు చూపించండి. ఊపిరిగొట్టంలోకి పోతే సంగతి వేరు. ఆడుకుంటున్న బిడ్డ హఠాత్తుగా పొలమారి, దగ్గి, తరువాత మామూలుగా ఉన్నా సరే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి, ఎందుకంటే ముక్క లోపల సర్దుకున్నప్పుడు దగ్గు కొంతసేపు ఆగిపోగలదు. ఊపిరాడక, ఏడుపు కూడా రాకపోతే వెంటనే అక్కడి అత్యవసర నంబరు 999కు ఫోను చేయించి, ఏడాది దాటిన బిడ్డకు వీపు మీద భుజాల మధ్య ఐదు దెబ్బలు, తగ్గకపోతే పొట్ట పైభాగం మీద ఐదు నొక్కులు ఇవ్వాలి. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి గాలించవద్దు, అది ఇంకా లోపలికి పోతుంది. ఈ ప్రథమ చికిత్సలో మీ చైల్డ్‌మైండర్‌కు ఎలాగూ శిక్షణ ఉంటుంది, ఇంట్లో మీరూ నేర్చుకోండి. ఇక రంధ్రాల సంగతి: ఐదు నెలల క్రితం కుట్టి బాగా మానిన రంధ్రం పగలంతా ఖాళీగా ఉన్నంత మాత్రాన సాధారణంగా పూడుకుపోదు, వారాల తరబడి వదిలేస్తే మాత్రం సన్నబడవచ్చు. అంతకు మించి, రోజూ తీసి పెట్టడంలో మీ చేతులు శుభ్రంగా ఉండటం ముఖ్యం.

పాపాయి అమ్మ, రెడింగ్:

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి పాప నిద్రపోయాక టార్చి వేసి చూస్తే కుడి చెవి మర నిజంగానే ఒక చుట్టు వదులైంది. రెండు దుద్దులూ తీసి పసుపు డబ్బా పక్కనున్న చిన్న భరిణలో పెట్టాను. తీగ పోగులకు గుంటూరు కబురు పంపాను. అవి వచ్చేవరకు, వచ్చాక కూడా చైల్డ్‌మైండర్ దగ్గరకు వెళ్ళే మూడు రోజులు, బోసి చెవులే. ఒప్పందంలోని గాయం మాటను ఆవిడ తన చేత్తోనే కొట్టివేశారు. మా అత్తగారు కాసేపు మౌనంగా ఉండి, "ఆదివారం పెట్టి ఒక్క ఫోటో పంపు" అన్నారు.