న్యూయార్క్‌లో కారు ప్రమాదం: మా నాన్నగారి వైద్యం ఖర్చు ఎవరి ఇన్సూరెన్స్ భరించాలి?

ప్రశ్న: నమస్కారమండీ. గుంటూరు నుంచి మమ్మల్ని చూడటానికి వచ్చిన మా నాన్నగారు గత శనివారం క్వీన్స్‌లో నా మిత్రుడి కారులో వెళ్తుండగా, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న ఆ కారును వెనుక నుంచి మరో కారు గుద్దడంతో ఆయన మణికట్టు ఎముక విరిగింది. తప్పు అవతలి డ్రైవరుదే కనుక ఖర్చు అతని ఇన్సూరెన్సే భరిస్తుందని నేను అనుకుంటుండగా, ఆసుపత్రివారు నా మిత్రుడి పాలసీ వివరాలు అడుగుతున్నారు. ఏ పాపమూ ఎరుగని మనిషి పాలసీ మీద ఈ భారం వేయడానికి నాకు మనసొప్పడం లేదు.

జవాబు: ఆసుపత్రివారు అడిగింది సరైనదేనండీ. న్యూయార్క్ రాష్ట్రంలో 1974 నుంచి అమలులో ఉన్న నో-ఫాల్ట్ చట్టం ప్రకారం, తప్పు ఎవరిదన్న దానితో నిమిత్తం లేకుండా, గాయపడిన ప్రయాణికుడు ఏ కారులో ఉన్నాడో ఆ కారు ఇన్సూరెన్సే అతని వైద్యం ఖర్చు చెల్లించాలి. మనిషికి 50,000 డాలర్ల దాకా ఈ రక్షణ అక్కడి ప్రతి కారు పాలసీలోనూ తప్పనిసరిగా ఉంటుంది. తప్పు తేలేదాకా వైద్యం ఆగిపోకూడదనే ఈ ఏర్పాటు చేశారు కనుక, క్లెయిమ్ పెట్టినంత మాత్రాన మీ మిత్రుడు తప్పు ఒప్పుకున్నట్టు కాదు. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

ఎందుకంటే గడువు చిన్నది. ప్రమాదం జరిగిన 30 రోజులలోగా ఆ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, ఎన్‌ఎఫ్-2 అనే దరఖాస్తు నింపి పంపాలి. క్లెయిమ్ నంబరు ఇచ్చి, ఆసుపత్రివారు చూపే కాగితం మీద సంతకం చేస్తే, వారు బిల్లును నేరుగా కంపెనీకే పంపుకుంటారు; బిల్లు ఇంటికి వచ్చిందని కంగారుపడి మీ కార్డుతో కట్టేయకండి. కంపెనీ తమ వైద్యుడి దగ్గర పరీక్షకు రమ్మంటే మాత్రం నాన్నగారిని తప్పక తీసుకెళ్లండి, వెళ్లకపోతే అదే సాకుగా చెల్లింపులు నిరాకరించవచ్చు.

మళ్లీ ప్రశ్న: చాలా కృతజ్ఞతలండీ. ఆయన పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు. రాకపోకల టాక్సీ ఖర్చు, ఆయన పడుతున్న బాధకు పరిహారం, నలిగిన డిక్కీ మరమ్మతు కూడా ఇందులోకే వస్తాయా?

జవాబు: టాక్సీ వస్తుంది. ప్రమాదం వల్ల అవసరమైన ప్రయాణాలకు, ఇంటి పనికి పెట్టుకున్న మనిషికి రోజుకు 25 డాలర్ల దాకా, ఒక ఏడాది వరకు ఇస్తారు; రశీదులు దాచండి. పోయిన జీతంలో 80 శాతం, నెలకు 2,000 డాలర్లకు మించకుండా ఇచ్చే సదుపాయం పెన్షను మీద ఉన్నవారికి వర్తించదు.

బాధకు పరిహారం దగ్గరికి వచ్చేసరికి తప్పు ఎవరిదన్న ప్రశ్న తిరిగి వస్తుంది. చట్టం తీవ్రమైన గాయంగా గుర్తించిన వాటికే అవతలి డ్రైవరు మీద దావా వేయగలరు, ఎముక విరగడం ఆ జాబితాలో ఉంది కనుక ఒక న్యాయవాదిని సంప్రదించండి. కారు మరమ్మతుకు నో-ఫాల్ట్‌తో సంబంధం లేదు. దానిని అవతలి డ్రైవరు ఇన్సూరెన్స్ నుంచి గానీ, మీ మిత్రుడికి కొలిజన్ కవరేజీ (ఢీకొన్నప్పుడు సొంత కారుకు జరిగిన నష్టాన్ని భరించే బీమా) ఉంటే దాని నుంచి గానీ రాబట్టుకోవాలి.

మరొక సభ్యుని మాట: ఎడిసన్ వైపు ఉన్నవారు ఈ అంకెలను తమకు అన్వయించుకోకండి. న్యూజెర్సీలోనూ నో-ఫాల్టే అయినా, వైద్యం పరిమితిని పాలసీదారే ఎంచుకుంటాడు. ప్రీమియం తగ్గుతుందని 15,000 డాలర్లకే సరిపెట్టుకున్నవారూ ఉంటారు. అమ్మానాన్నలు విమానం దిగకముందే మీ పాలసీ తీసి ఆ అంకె చూసుకోండి.