ఇంటర్‌సెప్టర్ 650కి స్మార్ట్ డిస్‌ప్లే: పవర్ ఎక్కణ్నుంచి తియ్యాలి?

రూట్‌మ్యాప్_గుంటూరు

నా రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 బైకుకి ఆరంగుళాల కార్‌ప్లే డిస్‌ప్లే (ఐఫోన్ మ్యాపు, కాల్స్ చూపించే తెర) కొన్నాను. ముందొకటి, వెనకొకటి కెమెరా, టైరు గాలి సెన్సార్లు రెండు దాంతోనే వచ్చాయి. పవర్ కేబుల్లో మూడు వైర్లున్నాయి: పసుపు, ఎరుపు, నలుపు. పసుపూ ఎరుపూ కలిపి టెయిల్ లైట్ వైరుకి తగిలిస్తే చాలని ఒక మెకానిక్ అంటున్నాడు. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) లేకుండా ముట్టుకోవద్దని ఇంకొకరు. బండి మూడు వారాలకోసారే బయటికొస్తుంది. ఏది సరైన పద్ధతి?

మల్టీమీటర్

టెయిల్ లైట్ వైరు మీద మొత్తం బరువు పెట్టొద్దండి. డిస్‌ప్లే తాగే కరెంటు పెద్దదేం కాదు, కెమెరాలతో కలిపి పది వాట్లనుకున్నా ఒక ఆంపియర్ లోపే. భయం హ్యాండిల్ దగ్గర. హ్యాండిల్ తిరిగినప్పుడల్లా కేబుల్ మడత పడుతుంది. ఒకే చోట ఒరుసుకుంటూ పోతే పైతొడుగు చిరిగి రాగి ఫ్రేముకి తగులుతుంది. అప్పుడు పోయేది టెయిల్ లైట్ ఫ్యూజ్. రాత్రి పాడేరు ఘాట్‌లో వెనకొచ్చే లారీకి మీ బండి కనపడదు.

మూడు వైర్లూ వేరుగా ఇచ్చింది వేరుగా వాడమనే. పసుపు బ్యాటరీ పాజిటివ్‌కి, 3 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజ్‌తో. ఆ ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు లోపే ఉండాలి, ఎందుకంటే బ్యాటరీకీ ఫ్యూజ్‌కీ మధ్య వైరు షార్టయితే ఆపే దిక్కుండదు. నలుపు నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి; పెయింటున్న ఫ్రేము బోల్టుకి బిగిస్తే ఎర్తు సరిగా అందక డిస్‌ప్లే ఆగి ఆగి వెలుగుతుంది. ఎరుపు, తాళం తిప్పితేనే కరెంటొచ్చే వైరుకి. ఎరుపు పని డిస్‌ప్లేని నిద్రలేపడం వరకే, అందులో పారేది మిల్లీ ఆంపియర్లే. వైరు 0.75 చదరపు మిల్లీమీటర్లది చాలు.

బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. పాజిటివ్ బోల్టు మీదున్న పానా ఫ్రేముకి తగిలినా అప్పుడు ఏమీ కాదు.

సింపుల్_వైరింగ్

ఒప్పుకోను. పసుపు ఎప్పుడూ బ్యాటరీ మీదుంటే తాళం తీశాక కూడా డిస్‌ప్లే కొంచెం కొంచెం తాగుతూనే ఉంటుంది. మూడు వారాలు కదలని బండికి అది మంచిదా? రెండూ కలిపి తాళం వైరుకిస్తే తాళం తియ్యగానే సున్నా. కలిపే చోటే 2 ఆంపియర్ల ఫ్యూజ్ పెడితే షార్టయినప్పుడు ముందు అదే పోతుంది, టెయిల్ లైట్ నిలబడుతుంది. అయినా మీ ఎరుపు వైరు కూడా ఏదో ఒక తాళం వైరు మీదే కదా పడేది! దానికి మీరు ఫ్యూజే చెప్పలేదు.

మల్టీమీటర్

ఎరుపుకి 1 ఆంపియర్ ఫ్యూజ్ ఉండాల్సిందే, అది నేను వదిలేశాను. మీ మాట సరైనదే.

కానీ కలిపేస్తే ఇంకో చిక్కుంది. కెమెరా రికార్డు చేస్తుండగా కరెంటు తటాలున పోతే చివరి ఫైలు సరిగా మూసుకోదు. ప్రమాదం తర్వాత కావలసింది సరిగ్గా ఆ చివరి నిమిషమే. పసుపు వేరుగా ఉంటే, ఎరుపు ఆగిపోయిందని చూసి డిస్‌ప్లే ఫైలు భద్రపరచుకుని ఆ తర్వాతే పడుకుంటుంది. ఎంత తాగుతుందన్నది ఊహించక్కర్లేదు, కొలవొచ్చు. తాళం తీసి, పసుపు వైరు ఫ్యూజ్ ఊడదీసి, అది కూర్చున్న హోల్డరు రెండు కొసల మధ్య మీటరు పెట్టండి. ముందు 10 ఆంపియర్ల రేంజిలో, తర్వాత మిల్లీ ఆంపియర్లలో. పది నిమిషాలాగి చూడండి, అది వెంటనే నిద్రపోదు.

రిలే_87

మూడో దారి: నాలుగు పిన్నుల రిలే. 30 నంబరు పిన్నుకి బ్యాటరీ నుంచి ఫ్యూజ్ మీదుగా పాజిటివ్, 87 నుంచి డిస్‌ప్లేకి, 85 నెగటివ్‌కి, 86కి తాళం వైరు. రేపు ఫాగ్ లైట్లు, యూఎస్‌బీ ఛార్జరు పెట్టుకున్నా అన్నీ దీని వెనకే వస్తాయి, బండి వైరింగ్ మీద ఏదీ పడదు. డిస్‌ప్లే ఒక్కటే అయితే రిలే అక్కర్లేదని నేనూ ఒప్పుకుంటాను. రిలే కాయిలే దాదాపు 150 మిల్లీ ఆంపియర్లు తింటుంది. ఫైలు చిక్కు దీనికీ ఉంది, డిస్‌ప్లే లోపల సూపర్ కెపాసిటర్ (కరెంటు పోయాక కాసేపు నడిపేంత ఛార్జి దాచుకునే భాగం) ఉంటే తప్ప.

ఫోన్_చాలు

ఇంత తంటా ఎందుకు? మంచి క్లాంప్, వైబ్రేషన్ డ్యాంపర్ కొని ఫోనే పెట్టుకోవచ్చు కదా. దారి చూసుకోవడానికి ఫోను వాడుకోవచ్చని 2020 అక్టోబరు 1 నుంచి కేంద్ర మోటారు వాహన నిబంధనలే చెబుతున్నాయి, నడిపేవాడి ధ్యాస చెదరనంతవరకు.

మల్టీమీటర్

నిబంధన ఒప్పుకుంటుంది, ఫోను ఒప్పుకోదు. శక్తిమంతమైన బైకు ఇంజిన్ల కంపనం ఫోను కెమెరా స్టెబిలైజేషన్‌ని (బొమ్మ కదలకుండా పట్టే ఏర్పాటుని) దెబ్బతీయొచ్చని 2021 సెప్టెంబరులో ఆపిల్ సంస్థే రాసింది. పైగా ఐఫోన్ వాడకానికి ఆ సంస్థ చెప్పే హద్దు 35 డిగ్రీలు. మే నెలలో విజయవాడ దాటి ఎండలో పెడితే స్క్రీను మసకబారుతుంది, ఛార్జింగ్ ఆగుతుంది. డిస్‌ప్లే పెట్టుకుంటే ఫోను జేబులో నీడన ఉంటుంది. అయితే మ్యాపు నడిపేది అప్పుడు కూడా ఫోనే. నల్లమలలో సిగ్నల్ పోతుంది కాబట్టి ఆఫ్‌లైన్ మ్యాపు ముందే దించుకోవాలి.

వానాకాలం_రైడర్

అందరూ కరెంటు గురించే మాట్లాడుతున్నారు. ఈ డిస్‌ప్లేలని చంపేది నీళ్లు, అందులోనూ వాటర్ సర్వీసింగ్ గన్. ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని, ప్రెషర్ గన్‌ని తట్టుకుంటుందని కాదు. కెమెరా కనెక్టర్ల మీద బాణం గుర్తులుంటాయి, రెండూ ఎదురెదురుగా కూర్చున్నాకే మరను బిగించాలి. ఒక పిన్ను వంగితే వెనక కెమెరా నల్లగా ఉండిపోతుంది. కనెక్టర్ కంటే వైరు ఒక వంపు కిందికి జారి మళ్లీ పైకి రావాలి, నీటిచుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

ట్యాంకు కొంచెం పైకెత్తి వైరు ఫ్రేము వెంబడి తీసుకెళ్లండి, ఇంజిన్ హెడ్లకి దూరంగా. కేబుల్ టైలు బిగించే ముందు హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి చూడండి. వైరు ఎక్కడా లాగకూడదు, క్లచ్ కేబుల్‌కి చిక్కుకోకూడదు. అతుకులు క్రింప్ చేసి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి) హీట్‌ష్రింక్ స్లీవ్ (వేడికి బిగుసుకునే తొడుగు) వెయ్యండి. టంకం పెడితే టంకం ఆగిన అంచు దగ్గర వైరు గట్టిపడి, కంపనానికి అక్కడే తెగుతుంది. వైరు మీద నొక్కి తగిలించే ట్యాప్ క్లిప్పులు అసలొద్దు, లోపలి పోగులు కోసేస్తాయి.

టైరు సెన్సార్ బిగించాక వాల్వ్ చుట్టూ సబ్బునీళ్లు రాయండి. పైన తగిలించే సెన్సార్ వాల్వ్ పిన్నుని ఎప్పుడూ నొక్కే ఉంచుతుంది, దాని రబ్బరు రింగు సరిగా కూర్చోకపోతే గాలి నెమ్మదిగా పోతుంది. గాలి చూడాల్సిన సెన్సారే గాలి తీసేస్తుందన్నమాట.

ఇంకొకటి, హెల్మెట్ బ్లూటూత్‌ని ఫోనుకి కాదు, డిస్‌ప్లేకి జత చెయ్యండి. కార్‌ప్లేలో శబ్దం డిస్‌ప్లేకే వెళ్తుంది. రెండింటికీ జత చేస్తే కాల్ ఒక దాంట్లో, దారి మాట ఇంకో దాంట్లో వస్తాయి.

రూట్‌మ్యాప్_గుంటూరు

పసుపు వైరు మీద కొలిచాను. మొదట 400 మిల్లీ ఆంపియర్లు చూపించి, పది నిమిషాల తర్వాత 18 దగ్గర ఆగింది. బ్యాటరీ 12 ఆంపియర్-అవర్లది. పరవాలేదా?

మల్టీమీటర్

రోజువారీ బండికైతే పరవాలేదు. మీకు కుదరదు. 18 మిల్లీ ఆంపియర్లంటే రోజుకి 0.43 ఆంపియర్-అవర్లు. మూడు వారాలకి 9. పన్నెండులో తొమ్మిది పోతే స్టార్టరు తిరగదు, అంత లోతుకి దించిన బ్యాటరీ మళ్లీ పూర్తిగా కోలుకోదు కూడా.

మూడు వైర్ల పద్ధతే ఉంచి, పసుపు వైరులో ఫ్యూజ్ తర్వాత నీరు చొరని చిన్న స్విచ్ ఒకటి సీటు కింద పెట్టండి. తాళం తీశాక డిస్‌ప్లే ఆరిపోయి, ఒక నిమిషం గడిచాక స్విచ్ ఆపెయ్యండి. ఫైలు భద్రం, బ్యాటరీ భద్రం.

సింపుల్_వైరింగ్

స్విచ్ ఆపడం మరిచిపోయిన రోజున? నేనైతే ఇప్పటికీ తాళం వైరుకే ఓటు. ఆ చివరి ఫైలు కోసం కెపాసిటర్ ఉన్న డిస్‌ప్లే చూసి కొనాలి.

రిలే_87

కొనేశారు కదా. స్విచ్ బదులు ఆఫ్-డిలే టైమర్ రిలే పెట్టొచ్చు: తాళం తీశాక 60 సెకన్లు పసుపుని పట్టి ఉంచి, తనే వదిలేస్తుంది. మరిచిపోయే బాధ లేదు. టైమర్ తాగేది కూడా కొలిచి చూడండి, వదిలేశాక సున్నాకి దగ్గరగా ఉండాలి.